విడాకులైతే ఆస్తిలో సగం వస్తుందా? పిల్లల ఖర్చు ఎవరిది?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. అక్కకి పెళ్లయి తొమ్మిదేళ్లు, బాబుకి ఏడు, పాపకి నాలుగు. బావ విశాఖలో ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాడు, నెలకి చేతికి అరవై వేల దాకా వస్తుంది. అక్క కొన్ని నెలలుగా పిల్లలతో రాజాం దగ్గర మీ ఇంట్లోనే ఉంటోంది. మధురవాడలో కొన్న ఫ్లాట్ బావ పేరున ఉంది, దాని అడ్వాన్సుకి అక్క బంగారం అమ్మారు. మీ నాన్నగారు పసుపు కుంకుమ కింద అర ఎకరం నోటిమాటగా ఇచ్చారు. బావ వాళ్లకి ఊళ్లో పొలం ఉంది. పెద్దమనుషులేమో మొత్తం కలిపి పది లక్షలు తీసుకుని, ఇక ఎవరికి ఎవరూ సంబంధం లేదని రాసుకోమంటున్నారు. కోర్టుకెళ్తే సగం ఆస్తి వస్తుందని ఎవరో చెప్పారు, అది నిజమేనా, పిల్లలకి నెలకి ఎంత వస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. సగం రాదు. మన దేశంలో, గోవా తప్పిస్తే, పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి ఆస్తిలో మరొకరికి వాటా పుట్టదు, ఎవరి పేరున ఉన్నది వారిదే. అలాగని ఆ పది లక్షల కాగితం మీద అక్కచేత సంతకం పెట్టించొద్దు. ఆ "ఎవరికి ఎవరూ" అన్నదాంట్లో పిల్లల్ని కూడా కలిపేశారు. అక్కకి రావాల్సింది వేరు, పిల్లలకి రావాల్సింది వేరు. ఈ రెండూ ఒకే మూటలో కట్టేసిన చోటే ఆడపిల్ల తరఫువాళ్లు నష్టపోవడం శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో ఇరవై ఏళ్లకి పైగా చూస్తున్నాను.

ఈ సగం మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, కొంత అమెరికాలో ఉన్న చుట్టాల నుంచి, కొంత ఒక పాత బిల్లు నుంచి. భర్త స్థిరాస్తిలో భార్యకి వాటా ఇవ్వాలని వివాహ చట్టాల సవరణ బిల్లు ఒకటి 2013లో రాజ్యసభలో పాసైంది. అప్పుడు పేపర్లలో పెద్ద పెద్ద హెడ్డింగులు వచ్చాయి. లోక్‌సభలో పాసవ్వకుండానే 2014లో సభ గడువు ముగిసి అది మురిగిపోయింది, ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే స్పష్టం చేసింది: భరణం ఇచ్చేది ఆమె గౌరవంగా బతకడానికే, భర్త సంపదతో ఆమెను సమానం చేయడానికి కాదు అని. అయితే భర్తకి ఎంత ఆస్తి ఉంది, ఎంత ఆదాయం ఉంది అన్నది భరణం లెక్కలో తప్పకుండా చూస్తారు. అంటే ఫ్లాట్‌లో వాటా రాకపోయినా, ఫ్లాట్ ఉండటం అక్కకి పనికొస్తుంది.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

ఫ్లాట్, బంగారం. సేల్ డీడ్ బావ ఒక్కడి పేరున ఉంటే ఫ్లాట్ బావదే. అక్క బంగారం అమ్మి అడ్వాన్సు కట్టారు కాబట్టి ఫ్లాట్‌లో వాటా కావాలని దావా వేయొచ్చు గాని, అది ఏళ్లకేళ్లు నడిచే పని, రుజువు కష్టం, నేనైతే ఆ దారి చెప్పను. దానికన్నా బంగారం విలువ వెనక్కి అడగడం సులువు. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, చుట్టాలు పెళ్లికి అటూ ఇటూ ఆమెకి పెట్టినదంతా స్త్రీధనం, దాని మీద భర్తకి ఉమ్మడి హక్కు లేదని 1985లో ప్రతిభారాణి కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కేరళ నుంచి వచ్చిన కేసులో ఇంకా తేటగా చెప్పింది: కష్టమొచ్చినప్పుడు భార్య బంగారం భర్త వాడుకోవచ్చు, కాని అది గాని దాని విలువ గాని తిరిగి ఇవ్వాలి. అక్కడ 89 సవర్ల బంగారం పోయిందని భార్య వేసిన కేసులో 25 లక్షలు ఇప్పించారు. ఇందులో హత్య కేసులో అడిగినంత గట్టి రుజువు అడగరు, ఇద్దరి మాటల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు.

రుజువంటే మళ్లీ టెన్షన్ పడకండి. మనవైపు బంగారం బిల్లులు దాచేవాళ్లు తక్కువే గాని పెళ్లి ఆల్బమ్ మాత్రం భద్రంగా ఉంటుంది. చీపురుపల్లి వైపు ఒకామె కేసులో భర్త అసలు ఆమె బంగారమే తేలేదన్నాడు. అతనే కొన్నేళ్ల కిందట బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టాడు, దాని కాగితంలో వస్తువుల పేర్లు, బరువులు వరసగా రాసి ఉన్నాయి. పక్కన పెళ్లి ఫోటో పెట్టి చూపిస్తే హారం, వంకీ అన్నీ సరిపోయాయి, ఆ తరవాత వాయిదాకి రాజీకొచ్చాడు. మీ కేసులో అమ్మిన షాపు రసీదు, ఆ డబ్బు ఏ అకౌంట్‌లో పడింది, అక్కడినుంచి బిల్డరుకి ఎప్పుడు వెళ్లింది, ఈ మూడూ తేదీలతో కలిస్తే చాలు.

ఇంకో మాట. హోమ్ లోన్‌లో అక్కని కో-అప్లికెంట్‌గా పెట్టారేమో చూడండి. బ్యాంకులు భార్య సంతకం తీసుకోవడం మామూలే. లోన్‌లో సంతకం ఉండి సేల్ డీడ్‌లో పేరు లేకపోతే అప్పు బాధ్యత మాత్రం ఉంటుంది, ఇల్లు ఉండదు. అలా ఉంటే రాజీ పత్రంలో ఒక్క ముక్క రాసుకుంటే సరిపోదు, బ్యాంకు ఆమె పేరు తీసేసినట్టు కాగితం ఇవ్వాలి. బ్యాంకుకి మీ రాజీతో పనిలేదు.

పసుపు కుంకుమ భూమి. ఇది కోర్టుకి వెళ్లకుండా మీ ఇంట్లోనే తేల్చుకోగలిగింది, అందుకే ముందు ఇదే చెయ్యండి. స్థిరాస్తి దానమివ్వాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. నోటిమాటతో ఇచ్చి, ఇన్నాళ్లూ కౌలు బావ తింటున్నాడంటే కాగితాల్లో అది ఇంకా మీ నాన్నగారిదే, బావది ఎలాగూ కాదు. నాన్నగారు బాగున్నప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లి అక్క పేరున గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాయించండి, 1బిలో (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు) పేరు మార్పించండి, కౌలుదారుకి ఇకనుంచి డబ్బు అక్కకే ఇమ్మని చెప్పండి. మీరు సాక్షి సంతకం పెట్టండి. ఎందుకంటే, ఇది మీకు నచ్చకపోవచ్చు గాని, నాన్నగారి భూమి పిత్రార్జితమైతే అందులో అక్కకి మీతో సమానంగా వాటా ఉంది. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన 1986 సవరణ 1985 సెప్టెంబరు నాటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఈ హక్కు ఇచ్చింది, 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది, 2020లో వినీతా శర్మ తీర్పుతో ఉన్న అనుమానాలూ పోయాయి. బావ ఆస్తిలో సగం కోసం పరిగెత్తే ముందు పుట్టింట్లో ఉన్నది సరిచేసుకోవడం తేలిక.

ఒకవేళ ఆ భూమి పెళ్లప్పుడు అల్లుడి పేరునే రాసి ఉంటే కథ వేరు, అప్పుడు అది కట్నం కిందికి వస్తుంది. పెళ్లప్పుడు తీసుకున్న కట్నం మూడు నెలల్లో అమ్మాయికి బదలాయించాలని, ఈలోగా ఆమె కోసమే దాచి ఉంచినట్టు లెక్క అని 1961 వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చెబుతుంది. మీ విషయంలో అది లేదు కాబట్టి వదిలేస్తున్నా.

అత్తింటి పొలం. అక్కకి, భర్త బతికుండగా, అందులో వాటా అడిగే హక్కు లేదు. పిల్లలకి ఉండొచ్చు. దీన్నే చాలామంది మర్చిపోతారు. బావ వాళ్ల పొలం నిజంగా పంపకం కాని పిత్రార్జితమైతే మీ మేనల్లుడికి, మేనకోడలికి ఇద్దరికీ పుట్టుకతోనే హక్కు ఉంటుంది, తల్లి వాళ్ల తరఫున పార్టిషన్ (పంపకాల) దావా వేయొచ్చు. కాని తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. తాత స్వార్జితమైతే, ఆయన బతికుండగా ఎవరికీ ఏమీ లేదు. ఆయన పోయాక వీలునామా లేకుండా బావకి వచ్చినా, 1956 వారసత్వ చట్టం ప్రకారం అది బావ సొంత ఆస్తే అవుతుంది, పిల్లలకి పుట్టుక హక్కు రాదు. 1986లోనే సుప్రీంకోర్టు ఇది తేల్చింది. కాబట్టి ముందు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి, మీభూమి వెబ్‌సైట్‌లో 1బి చూడండి, ముత్తాత పేరుదాకా వెనక్కి వెళ్లండి. ఆ లింకు దొరక్కుండా దావా వేస్తే ఫీజు దండగ. మాకు ఫీజు వస్తుంది గాని మీకు పొలం రాదు.

ఇక అసలు సంగతి, పిల్లల ఖర్చు.

పది లక్షలు పెద్ద మొత్తంలా కనిపిస్తోంది కదా. బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేస్తే నెలకి ఆరు వేలు కూడా రాదు, ముగ్గురు బతకాలి. ఇంకో లెక్క చూడండి. ఇద్దరిలో ఒక్కొక్కరికి నెలకి కేవలం ఐదు వేలు, పెంపు కూడా లేకుండా, పద్దెనిమిదేళ్లు నిండేదాకా వేస్తే బాబుకి పదకొండేళ్లకి ఆరు లక్షల అరవై వేలు, పాపకి పద్నాలుగేళ్లకి ఎనిమిది లక్షల నలభై వేలు, కలిపి పదిహేను లక్షలు. పెద్దమనుషులు ఇస్తామన్నది దానికంటే తక్కువ, అందులోనే అక్క భరణం, అందులోనే బంగారం. ఈ లెక్క కాగితం మీద రాసి పెద్దమనుషుల ముందు పెట్టండి, వాదన అక్కర్లేదు.

నెలకి ఎంత అన్నదానికి పట్టిక ఏదీ లేదు. జీతంలో 25 శాతం అని అందరూ అంటారు, అది 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భార్య భరణం గురించి అన్న మాట, రూలు కాదు. తండ్రి నికర ఆదాయం, తల్లికి సొంత ఆదాయం ఉందా, పిల్లల స్కూలు, అద్దె, మందులు, ఇంతవరకు ఎలా పెరిగారు, అతని మీద ఆధారపడ్డ ముసలి తల్లిదండ్రులు ఉన్నారా, ఇవన్నీ చూస్తారు. టాక్సులాంటి తప్పనిసరి కోతలు తీసేస్తారు గాని, అతను తనంతట తాను పెట్టుకున్న ఈఎంఐలు, చిట్టీలు చూపించి జీతం మిగలట్లేదంటే మామూలుగా ఒప్పుకోరు. మీ కేసులో అక్కకి ఉద్యోగం లేకపోతే ముగ్గురికీ కలిపి ఇరవై నుంచి పాతిక వేల మధ్య అడగడం అత్యాశ కాదని నా అంచనా, అంచనాయే, హామీ కాదు. రేపు బావ ఉద్యోగం మానేశానన్నా భయపడక్కర్లేదు. ఒంట్లో సత్తువ ఉన్న మగాడు కూలి చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

దారులు రెండు మూడున్నాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 సెక్షన్ మెయింటెనెన్స్ కేసు, 2024 జులై నుంచి అదే కొత్త చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 అయింది. అక్క ఉంటున్న చోటి పరిధిలోనే వేయొచ్చు, విశాఖ తిరగక్కర్లేదు. గృహహింస చట్టం కింద కేసు (డీవీసీ) వేస్తే నెలవారీ డబ్బుతో పాటు ఉండటానికి ఇల్లు కూడా అడగొచ్చు. విడాకుల పిటిషన్ (ఓపీ) నడుస్తుంటే అందులోనే మధ్యంతరంగా అడగొచ్చు. రెండు చోట్ల వేస్తే రెండింటా పూర్తిగా రాదు, ఒకదాంట్లో వచ్చింది ఇంకోదాంట్లో సర్దుతారు, దాచకుండా చెప్పాలి కూడా. 2020 నవంబరులో వచ్చిన రజనీష్ వర్సెస్ నేహా తీర్పు తరవాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ అఫిడవిట్‌లో పెట్టాలి. అదే తీర్పులో ఇంకో మేలు ఉంది: మెయింటెనెన్స్ పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క. అందుకే పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ వేయకుండా గడిపిన ప్రతి నెలా పోయినట్టే. వేసి మాట్లాడుకోండి, రాజీ కుదిరితే వెనక్కి తీసుకోవచ్చు.

ఆర్డరు రావడం ఒక ఎత్తు, డబ్బు రావడం ఇంకో ఎత్తు. కట్టకపోతే వారెంటు అడగొచ్చు, ఒక్కో నెల బాకీకి నెలదాకా జైలు ఉంది, జైలుకెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదు. కాని బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాదిలోగా పిటిషన్ వేయాలి. పోనీలే, కలిపి ఒకేసారి అడుగుదాం అని మూడేళ్లు ఆగి వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకి చెప్పడానికి నాకే బాధగా ఉంటుంది.

మన జిల్లాల్లో మిలిటరీ కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక ముక్క. ఆర్మీ జవాను జీతాన్ని సివిల్ కోర్టు ద్వారా అటాచ్ చేయలేరు. కాని ఆర్మీ చట్టంలోనే భార్యాపిల్లల పోషణకి జీతంలోంచి కోసి పంపే వీలుంది. యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకి పెళ్లి రుజువు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జతచేసి దరఖాస్తు పెట్టాలి. సోంపేట వైపు ఒక తల్లికి ఈ దారిలో డబ్బు నేరుగా అకౌంట్‌లో పడటం మొదలైంది, అప్పటికి కోర్టులో ఆమె కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

ఎప్పటిదాకా ఇవ్వాలి? 144 సెక్షన్ కింద పద్దెనిమిది నిండేదాకా. ఆడపిల్ల తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే పెళ్లయ్యేదాకా తండ్రి నుంచి అడగొచ్చు, అది 1956 దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కింద వేరే దావా. మగపిల్లాడి ఇంజనీరింగ్ ఫీజు చట్టం మీదే వదిలేస్తే ఇబ్బంది పడతారు, అందుకే రాజీలోనే రాయించుకోవాలి. ఇందాక చెప్పిన 2024 డిసెంబరులోనే ఇంకో కేసులో సుప్రీంకోర్టు భార్యకి 5 కోట్లు, చదువు పూర్తయిన కొడుక్కి విడిగా కోటి రూపాయలు రాసింది. అంకెలు మనవి కావు, వాటిని చూసి ఆశపడొద్దు. కొడుకు పేరున విడిగా రాశారన్నదే గమనించండి.

పెద్దమనుషుల కాగితం గురించి. వంద రూపాయల స్టాంపు మీద విడిపోయామని రాసుకుంటే హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు కావు. కులంలో అలాంటి ఆచారం పూర్వం నుంచీ ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే తప్ప చెల్లదు. సీతంపేట, పార్వతీపురం వైపు గిరిజనులకి ఈ చట్టం వర్తించదు, వాళ్ల ఆచారమే చట్టం, అది మినహాయింపు. మీవాళ్లకి ఇద్దరికీ ఇష్టమే అంటున్నారు కాబట్టి సరైన దారి 13బి, పరస్పర అంగీకార విడాకులు. ఏడాది విడిగా ఉండాలి, అక్కకి ఇంకా ఏడాది నిండలేదు, అంటే తొందరపడి సంతకం పెట్టాల్సిన అవసరం ఎలాగూ లేదు. పిటిషన్ వేశాక ఆర్నెల్ల గడువు ఉంటుంది, తగిన కారణాలుంటే అది మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది.

ఆ రాజీలో ఏం ఉండాలంటే: అక్క భరణం ఒక పేరాలో, బంగారం ఇంకో పేరాలో, పిల్లలది పూర్తిగా వేరే పేరాలో, ఏటా ఎంత పెంచుతారో, ఫీజు స్కూలుకే నేరుగా కడతాడా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరిది, పై చదువు ఎవరిది. పిల్లల మెయింటెనెన్స్ వదులుకుంటున్నానని తల్లి రాసినా అది పిల్లల్ని కట్టదు, తరవాత అడగొచ్చు, కాని మళ్లీ కోర్టు మెట్లెక్కడం ఎందుకు. నెలవారీ ఒప్పుకుంటే ఫ్లాట్ మీద చార్జ్ పెట్టమని, అంటే ఆ డబ్బుకి ఫ్లాట్‌ని హామీగా ఉంచమని అడగండి. ఆ హక్కు హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది, మన లాయర్లలోనే చాలామంది అడగరు. చార్జ్ ఉంటే బాకీ పెట్టి ఫ్లాట్ అమ్ముకుని పోవడం అతనికి కుదరదు. పండగల సంగతి కూడా రాసుకోండి, నవ్వులాట కాదు. విజయనగరం జంట ఒకటి డబ్బు దగ్గర ఒక్కరోజులో ఒప్పుకుని, పైడితల్లమ్మ సిరిమాను రోజు పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న దాని మీద రెండు వాయిదాలు కొట్టుకున్నారు. చివరికి సంక్రాంతి తల్లికి, సిరిమాను తండ్రికి అని రాసుకున్నాక తేలింది.

498ఎ (భర్త, అత్తింటివాళ్ల వేధింపుల కేసు, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) పెట్టి బెదిరిద్దామా అని చివర్లో అడిగారు. అక్కని కొట్టినట్టు, వేధించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. జరగనిది జరిగిందని రాయిస్తే బావ రాజీకి రావడం అటుంచి, పిల్లలకి ఇచ్చే డబ్బు కూడా ఆపేసి బెయిలు, లాయర్ల మీద ఖర్చు పెడతాడు. నేను వద్దంటాను. జరిగి ఉంటే మాత్రం అది వేరే మాట, దాచక్కర్లేదు.

లాయరు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. రాజీ కుదిరితే డబ్బు, బంగారం షరతులు లోక్ అదాలత్ అవార్డుగా రాయించుకోవచ్చు, దాని మీద అప్పీలు ఉండదు, డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు.

సేల్ డీడ్ కాపీ తీసి పేరు ఒక్కటే ఉందా, లోన్ కాగితంలో అక్క సంతకం ఉందా, బావ వాళ్ల పొలం 1బి ఎవరి పేరున ఉంది, ఈ మూడూ చూసి మళ్లీ రాయండి. వాటిని బట్టి పిల్లల తరఫున పార్టిషన్ దావా వేయాలా వద్దా అన్నది చెప్పగలను. ఈలోగా మెయింటెనెన్స్ పిటిషన్ మాత్రం ఆపొద్దు.